పని నేర్పే చదువు: ఎవరికి ఏ పని?

నేను పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఉంది. కెమిస్ట్రీలో క్లాసులో ముందుంటుంది. వాళ్లమ్మ ఒక ఆఫీసులో కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేస్తుంది. కాలేజీలో ‘నైపుణ్య శిక్షణ’ పెట్టినప్పుడు బయటి నుంచి ఒక శిక్షణ సంస్థ వాళ్లు వచ్చి పిల్లల పేర్లు రాసుకున్నారు. ఈ అమ్మాయి పేరు ‘హౌస్‌కీపింగ్’ కోర్సులో పడింది. మూడు నెలలు నేర్చుకుంటే సర్టిఫికెట్ ఇస్తాం, ఏదో ఒక హోటల్లోనో ఆస్పత్రిలోనో పని చూపిస్తాం అన్నారు. ఇంటికి పోయి చెప్తే వాళ్లమ్మ అన్న మాటను ఆ పిల్ల నాకు నవ్వుకుంటనే చెప్పింది: “ఊడ్చుడు నాకెవలు నేర్పిండ్రు బిడ్డా? గిదానికి డిగ్రీ చదవాల్నా?”

ఆ మాటకు నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం. డిగ్రీ చదువు ఉద్యోగానికి పనికిరావాలి, చదువుతో పాటు పని నేర్పాలి అని ఇవ్వాళ ప్రభుత్వం అంటున్నది, కంపెనీలు అంటున్నయి, తల్లిదండ్రులు కూడా అంటున్నారు. అందులో తప్పేముంది? మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. ఉద్యోగం రాని చదువు ఎంత బరువో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. కాబట్టి ‘నైపుణ్యం వద్దు, జ్ఞానమే కావాలి’ అనే వాదన నాది కాదు. ఎవరికి ఏ నైపుణ్యం, ఏ స్థాయిలో, ఎవరి నిర్ణయంతో నేర్పుతున్నారు అన్నదే ప్రశ్న.

చెయ్యి, సూత్రం, హక్కు

దళిత పిల్లలకు నైపుణ్యాలు లేవు, అందుకే ఉద్యోగాలు రావటం లేదు అనే మాట సెమినార్లలో తరచుగా వినపడుతుంది. ముందు దీన్ని తేల్చుకోవాలె.

మాదిగవాడలో లంద సంగతి మన పెద్దలకు తెలుసు. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెడతారు. వెంట్రుక, కండ గీకి తీస్తారు. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఎంత సున్నం పట్టాలె, ఎండాకాలం ఎన్ని రోజులు, వానాకాలం ఎన్ని రోజులు, తోలు చేతికి ఎట్లా తగిలితే పదును వచ్చినట్టు అన్నది చూసి చెప్పగలిగినవాళ్లు ఉండేవాళ్లు. తంగేడు చెక్కలో ఉండే టానిన్ తోలులోని ప్రొటీన్‌ను పట్టుకొని కుళ్లకుండా కాపాడుతుందని రసాయనశాస్త్రం చెప్తుంది. ఆ తోలుతోనే ఊరికి మోట బొక్కెన వచ్చింది, చెప్పు వచ్చింది, డప్పు వచ్చింది. ఇదే పనిని శాస్త్రంగా పరిశోధించటానికి 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. లంద దగ్గర చేస్తే అది మైల, లేబొరేటరీలో చేస్తే అది టెక్నాలజీ.

ఏ నైపుణ్యంలోనైనా మూడు భాగాలు ఉంటయి. ఒకటి చెయ్యి, అంటే పనితనం. రెండోది సూత్రం, అంటే ఆ పని వెనుక ఉన్న జ్ఞానం, అది రాసిపెట్టుకున్న పుస్తకం, దాన్ని మార్చగలిగే శక్తి. మూడోది హక్కు, అంటే ఆ పనికి ధర కట్టే అధికారం, పనిముట్టు మీద స్వంతం, మార్కెట్లో పేరు, ఇష్టం లేకపోతే ఆ పని మానుకునే స్వేచ్ఛ. కులవ్యవస్థ చెయ్యిని మాత్రం మన దగ్గర ఉంచి, సూత్రాన్నీ హక్కునూ ఊర్లోకి పట్టుకపోయింది. మన దగ్గర లేనిది పనితనం కాదు. పనితనాన్ని గౌరవంగా, డబ్బుగా మార్చే మిగిలిన రెండు భాగాలు మనకు దక్కలేదు.

1936లో రాసిన ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ ఈ సంగతినే ఇంకో విధంగా తేల్చారు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అన్నారు. మనిషి తన శక్తిని బట్టి, ఇష్టాన్ని బట్టి పని ఎంచుకునే వీలు లేకుండా, పుట్టకముందే పని నిర్ణయమై ఉంటుందని, అది ఆర్థికంగా కూడా నష్టమని వివరించారు. నైపుణ్య శిక్షణ గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఈ వాదనకు ముందు జవాబు చెప్పాలె.

అంబేడ్కర్ ఏ శిక్షణ అడిగారు?

చేతిపని చదువును దళిత ఉద్యమం ఎప్పుడూ వ్యతిరేకించిందని కొందరు అనుకుంటరు. చరిత్ర అట్లా లేదు. 1882లో హంటర్ కమిషన్ ముందు పెట్టిన నివేదనలో జోతిరావు ఫూలే శూద్ర, అతిశూద్ర పిల్లల బడుల్లో చదవటం, రాయటం, లెక్కలతో పాటు వ్యవసాయం గురించిన ప్రాథమిక జ్ఞానం కూడా నేర్పాలని అడిగారు. గుమాస్తాలను తయారుచేసే చదువు మీద ఆయనకు మోజు లేదు.

అంబేడ్కర్ ఇంకా స్పష్టంగా అడిగారు. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన కొత్తలోనే షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ఒక విజ్ఞాపన పత్రం ఇచ్చారు. అందులో మన పిల్లలకు సైన్సు, సాంకేతిక విద్యల కోసం ప్రత్యేకంగా స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని, విదేశాల్లో ఆ చదువులు చదవటానికి కూడా డబ్బు కేటాయించాలని కోరారు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో షెడ్యూల్డ్ కులాల యువకులను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని కూడా అడిగారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇట్లాంటి ఒత్తిడి ఫలితమే. మనలో చాలామందిమి హాస్టల్ మెస్సు బిల్లు కట్టుకున్నది ఆ స్కాలర్‌షిప్‌తోనే.

ఆయన ఏ పనులు అడిగారో చూడండి. ప్రెస్సు, రైల్వే వర్క్‌షాపు, సైన్సు లేబొరేటరీ. ఆ కాలానికి అవి కొత్త పనులు. వాటికి కులం పేరు ఇంకా అంటుకోలేదు. వాటిలో యంత్రం ఉంది, సూత్రం ఉంది, జీతం ఉంది, సర్కారు సర్వీసు ఉంది. చీపురునో ఆరెనో ఇంకా బాగా పట్టుకోవటం నేర్పమని ఆయన ఎక్కడా అడగలేదు. పాత పని నుంచి కొత్త పనిలోకి పోవటానికి తొవ్వ అడిగారు.

అరపూట బడి

ఇంకో రకం పని చదువు కూడా మన చరిత్రలో ఉంది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యలో ఒక మార్పు తెచ్చారు. ఊళ్లలో పిల్లలకు బడి రోజుకు మూడు గంటలే. మిగతా పూట వాళ్లు ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలె. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. 1953 అక్టోబర్ 1 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నయి.

పైకి చూస్తే పథకం ముచ్చటగానే ఉంటుంది. పని నేర్చుకుంటే మంచిదే కదా? కానీ తల్లిదండ్రుల వృత్తి అంటే ఈ దేశంలో కులం పని అని అర్థం. బాపనోళ్ల పిల్లగానికి మిగతా పూట ఇంట్లో పుస్తకం ఉంటుంది. చాకలి పిల్లకు రేవు, మాదిగ పిల్లకు లంద, పాలేరు కొడుకుకు గొడ్లు. పెరియార్, ద్రవిడ ఉద్యమం దానికి ‘కులకల్వి’, అంటే కుల విద్య అని పేరు పెట్టి వీధుల్లోకి వచ్చారు. కాంగ్రెస్‌లోనే వ్యతిరేకత వచ్చింది. 1954లో రాజాజీ పదవి నుంచి దిగిపోయారు. తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు.

అది పాత కథ అనుకోవటానికి లేదు. 2023 సెప్టెంబర్ 17న కేంద్ర ప్రభుత్వం ‘పి.ఎం. విశ్వకర్మ’ పథకం మొదలుపెట్టింది. 18 సంప్రదాయ వృత్తులను ఎంచుకున్నది. వడ్రంగం, కమ్మరం, కుమ్మరం, చెప్పులు కుట్టుడు, క్షౌరం, బట్టలుతుకుడు, బుట్టలు చీపుర్లు అల్లుడు అందులో ఉన్నయి. కొన్ని రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీ మీద మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. నలభై ఏండ్లుగా అదే పని చేసుకుంటున్న మనిషికి ఈ సహాయం అక్కరకొస్తుంది, దాన్ని కాదనవలసిన పని లేదు. సమస్య ఎక్కడంటే, కుటుంబ వృత్తి కావాలన్న షరతు దగ్గర, 18 ఏండ్లకే అర్హత ఇవ్వటం దగ్గర. పద్దెనిమిదేండ్ల పిల్లగాడు ఉండవలసింది డిగ్రీ మొదటి సంవత్సరంలో. తమిళనాడు ప్రభుత్వం కుటుంబ వృత్తి షరతు తీసెయ్యాలని, వయసు 35కు పెంచాలని అడిగింది. కేంద్రం ఒప్పుకోకపోతే 2024లో ఆ పథకాన్ని అమలు చెయ్యమని చెప్పింది. 1953 అనుభవం వాళ్లకు గుర్తుంది. మన దగ్గర ఈ చర్చ జరగవలసినంత జరగలేదు.

ఉద్యోగం పోయి ‘ఎంప్లాయబిలిటీ’ వచ్చింది

మా మేనమామ 1980లలో ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు చదివాడు. హైదరాబాద్ పక్కన ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చేశాడు. రోస్టర్‌లో పర్మినెంటు అయ్యాడు. ఆయన జీతంలోంచి పంపిన డబ్బులతోనే నేను ఇంటర్ చదివిన. ఆయన నేర్చుకున్నది కూడా చేతిపనే. కానీ ఆ చేతిపని వెనుక డ్రాయింగు చదవటం నేర్పారు, స్టైపెండ్ ఇచ్చారు, ఆఖర్న రిజర్వేషన్‌తో ఉద్యోగం ఉన్నది, యూనియన్ ఉన్నది. చెయ్యి, సూత్రం, హక్కు మూడూ దొరికినయి. ఆల్విన్, ఐ.డి.పి.ఎల్., ప్రాగా టూల్స్, హెచ్.ఎం.టి. లాంటి ఫ్యాక్టరీల చుట్టూ హైదరాబాద్‌లో మొదటి తరం దళిత కార్మిక కుటుంబాలు ఇట్లానే లేచినయి.

1991 తర్వాత ఆ ఫ్యాక్టరీలు కొన్ని మూతపడినయి, కొన్ని చిక్కిపోయినయి, కొన్ని చేతులు మారినయి. రిజర్వేషన్ ఉన్న చోట ఉద్యోగం తగ్గింది. ఉద్యోగం పెరిగిన ప్రైవేటు చోట రిజర్వేషన్ లేదు. సరిగ్గా ఈ కాలంలోనే మనవాళ్లు పెద్ద సంఖ్యలో కాలేజీలకు వచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ కాలేజీల్లోకి కూడా వచ్చారు. మనం తలుపు దగ్గరికి చేరేసరికి తాళం మార్చారు.

మాట కూడా మారింది. ఇదివరకు ‘నిరుద్యోగం’ అనేవాళ్లు. ఉద్యోగాలు కల్పించటం ప్రభుత్వం బాధ్యత అన్న అర్థం ఆ మాటలో ఉంది. ఇప్పుడు ‘ఎంప్లాయబిలిటీ’ లేదంటున్నరు. అంటే ఉద్యోగానికి పనికివచ్చే గుణం నీలో లేదని. తప్పు పిల్లగాని మీదికి వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 1990 నాటికి 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తి విద్యలోకి తేవాలన్నది. అది జరగలేదని 1992లో గడువును 1995కు, 2000కు జరిపారు. 2020 విధానం 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలన్నది. ఎంతమందికి నేర్పాలో ప్రతి విధానంలోనూ రాసి ఉంది. ఏ కులం పిల్లలకు ఏ పని నేర్పుతున్నమో లెక్క చూడాలని మాత్రం ఏ విధానమూ పట్టించుకోలేదు.

2020 విధానంలో ఇంకో సంగతి ఉంది. డిగ్రీ ఒక ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేండ్లకు మానేస్తే డిప్లొమా ఇస్తారు. మధ్యలో పోయేవాళ్లకు ఏదో ఒకటి చేతికొస్తుందన్నది దాని మంచి. కానీ మొదటి ఏడాదికే పోయేది ఎవరు? ఇంట్లో అప్పు ఉన్నవాళ్లు, తండ్రి మంచంల పడ్డవాళ్లు, పెండ్లికి తొందరపడే ఇండ్ల ఆడపిల్లలు. ఇదివరకు బడి మానేసినవాళ్లని లెక్కలో రాసేవాళ్లు. ఇకమీద వాళ్లను సర్టిఫికెట్ పొందినవాళ్లుగా రాసుకోవచ్చు.

ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు

ఈ రెండు మాటలను మన విద్యార్థులు, చాలామంది అధ్యాపకులు కూడా ఒకటే అనుకుంటున్నరు. రెండూ వేరు. తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే.

ఇంటర్న్‌షిప్ చదువులో ఒక భాగం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, మూడో ఏడాది ఒక సెమిస్టరు పని అనుభవం. ఆలోచన మంచిదే. అయితే ఇంటర్న్‌కు స్టైపెండ్ ఇచ్చి తీరాలని చట్టం లేదు. పని చూసిపెట్టటం కూడా చాలాచోట్ల పిల్లల నెత్తినే పడుతుంది. బాబాయికి ఆడిటర్ ఆఫీసు ఉన్న పిల్లవాడు అక్కడికి పోతాడు. మేనత్త బ్యాంకులో ఉన్న పిల్ల అక్కడికి పోతుంది. బాబాయి హమాలీ, మేనత్త కూలీ అయినవాళ్లు ఎక్కడికి పోతారు? బస్సు చార్జీలు పెట్టుకోలేక, నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను. నేర్చుకొమ్మని చెప్పి నేర్చుకునే చోటు చూపించకపోతే ఇంకేం చేస్తారు?

అప్రెంటిస్‌షిప్ చట్టం కింద జరిగేది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం యజమానికీ అప్రెంటిస్‌కూ రాతపూర్వక ఒప్పందం ఉండాలె. దాన్ని రిజిస్టరు చెయ్యాలె. స్టైపెండ్ ఇచ్చి తీరాలె. పని చేస్తూ దెబ్బ తగిలితే పరిహారం ఉంది. 2014 సవరణతో ఇంజనీరింగ్ కాని మామూలు డిగ్రీవాళ్లకు కూడా దీని తలుపు తెరిచారు. 2019లో రూల్స్ మార్చి 30 లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తప్పకుండా తీసుకోవాలన్నారు. డిగ్రీ చదివిన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలని అప్పుడు నిర్ణయించారు.

అన్నిటికంటే ముఖ్యమైనది సెక్షన్ 3ఎ. 1973లో చేర్చారు. గుర్తించిన ట్రేడుల్లో షెడ్యూల్డ్ కులాలకు, షెడ్యూల్డ్ తెగలకు ఆ రాష్ట్రంలో వాళ్ల జనాభాను బట్టి శిక్షణ స్థానాలు రిజర్వు చెయ్యాలని అది చెప్తుంది. చట్టంలో యజమాని అంటే సర్కారు మాత్రమే కాదు, ప్రైవేటు యజమాని కూడా. అంటే ప్రైవేటు రంగంలో ఉద్యోగాల రిజర్వేషన్ కోసం మనం పోట్లాడుతున్న ఈ కాలంలో, ప్రైవేటు రంగంలో శిక్షణ రిజర్వేషన్ యాభై ఏండ్ల కిందటే చట్టంలో ఉంది. ఈ సెక్షన్ సంగతి పరిశోధనలోకి వచ్చేదాకా నాకూ తెలియదు.

ఈ చట్టం అన్నీ ఇస్తుందని కాదు. అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు మాత్రమే అని అదే చట్టం అంటుంది. శిక్షణ అయిపోయాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం లేదు, ఎట్లా తీసుకోవాలో సంస్థ తన విధానం తానే రాసుకుంటుంది. తక్కువ డబ్బుకు పని చేయించుకొని ఏడాదికి పంపించేసే ప్రమాదం ఉంది. అయినా ఒప్పందం, స్టైపెండ్, రిజర్వేషన్ ఉన్న చోటు, అవేవీ లేని చోటు కంటే మేలు.

సర్టిఫికెట్ మీద పేరు

నైపుణ్యం వస్తే చాలు, మార్కెట్‌కు కులం కనపడదు అంటరు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ ప్రకటించిన పరిశోధనను ఈ మాట అనేవాళ్లు చదవాలె. పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం ఒకే తీరుగా పెట్టి, పేర్లు మాత్రం మార్చారు. కొన్ని అగ్రకులం అని తెలిసే పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడో వంతే. ఆ కాగితాల మీద నైపుణ్యం సమానంగానే ఉన్నది.

అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో 25 మంది హెచ్.ఆర్. మేనేజర్లతో మాట్లాడి రాశారు. మాకు మెరిటే ముఖ్యం అన్న మేనేజర్లే ఇంటర్వ్యూలో ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతారని తేలింది. నాన్న ఏం చేస్తాడు, ఎక్కడ పెరిగావు, ఇంట్లో ఎవరెవరు చదివారు. మన కాలేజీల్లో ‘సాఫ్ట్ స్కిల్స్’ పేరుతో నేర్పేది చాలామటుకు ఈ ప్రశ్నకు ముసుగు వెయ్యటమే. టై ఎట్లా కట్టుకోవాలె, చెయ్యి ఎట్లా కలపాలె, నవ్వుతూ ఎట్లా కూర్చోవాలె. అగ్రకుల పట్టణ ఇంట్లో పిల్లలకు ఊరికే వచ్చే అలవాట్లను మనకు ముప్పై గంటల సిలబస్‌గా చెప్తున్నరు. ఇంగ్లీషు రావాలె, అందులో వాదన లేదు. కానీ ఇంగ్లీషులో ఒక రిపోర్టు చదివి అర్థం చేసుకోవటం, ఒక ఉత్తరం తప్పు లేకుండా రాయటం నేర్పండి. ఇంకొకరి యాస తెచ్చిపెట్టుకోవటం ఇంగ్లీషు నేర్చుకోవటం కాదు.

ఎట్లా నేర్పవచ్చు

విమర్శ చేసి ఊరుకుంటే సరిపోదు. మూడు భాగాలూ కలిపి నేర్పిన ఉదాహరణలు మన దగ్గరే ఉన్నయి.

2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం వేరే సొసైటీనే పెట్టారు. తనిఖీ చెయ్యటానికి కూలీ కుటుంబాల నుంచి చదువుకున్న యువతీ యువకులను తీసుకొని శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్ రోల్‌లో పేర్లను జాబ్‌కార్డుతో, పోస్టాఫీసు పాసుపుస్తకంతో సరిచూశారు. తవ్విన కాలువను టేపు పెట్టి కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో లెక్కతో పోల్చారు. ఇంటింటికీ తిరిగి వాంగ్మూలాలు రాసుకున్నారు. ఆఖర్న మండల ప్రజావేదికలో అధికారుల ముందు నిలబడి తేడాలు చదివి వినిపించారు. ఇది అకౌంటెన్సీ, ఇంజనీరింగ్ కొలత, ఇంటర్వ్యూ, రిపోర్టు రాయటం, నలుగురిలో మాట్లాడటం. ‘సాఫ్ట్ స్కిల్’ అంటే ఇది. పటేలు ముందు, ఎం.పి.డి.ఓ. ముందు లెక్క అడగగలిగిన దళిత పిల్లకు ఏ కంపెనీ ఇంటర్వ్యూ ఏం లెక్క?

బి.కాం. పిల్లలకు ఈ పని ఎందుకు నేర్పకూడదు? ట్యాలీ నేర్పుతూనే, ఊరి పంచాయతీ ఖర్చు లెక్కలు, హాస్టల్ సరుకుల రిజిస్టరు చదివించవచ్చు.

బి.ఎస్సీ. వాళ్లకు ఇంకో ఉదాహరణ. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల బాధ తరాలుగా పడ్డది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని భారత ప్రమాణం చెప్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం చూడటానికి ఇ.డి.టి.ఎ. టైట్రేషన్ పిల్లలు ఎట్లాగూ చేస్తారు. ఆ నీళ్లు ట్యాంకులోంచి తెచ్చే బదులు వాడలో బోరు నుంచి తెమ్మంటే, దానితో పాటు ఫ్లోరైడ్, పి.హెచ్. చూపిస్తే, ఫలితం రాసి పంచాయతీకి ఇప్పిస్తే, అదే సిలబస్ పని అవుతుంది. నీటి పరీక్ష లేబొరేటరీకి, మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌కు కావలసిన చేతి అలవాటు అందులోనే వస్తుంది.

విద్యార్థులూ అధ్యాపకులూ అడగవలసినవి

కాలేజీలో ఏ నైపుణ్య కోర్సు పెట్టినా ముందు మూడు ప్రశ్నలు వెయ్యాలె. ఇందులో చేతిపనితో పాటు సూత్రం నేర్పుతున్నరా? నేర్చుకున్నాక పై మెట్టుకు పోయే తొవ్వ ఉన్నదా? ఈ కోర్సును విద్యార్థి ఎంచుకున్నదా, ఆమెకు ఎవరో అంటగట్టారా? మూడింటికీ జవాబు సరిగా లేకపోతే అది శిక్షణ కాదు, కూలీల సరఫరా.

ఇవి కాక చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నయి.

ఏ కోర్సులో ఏ సామాజిక వర్గం పిల్లలు ఎంతమంది చేరారు, ఎవరికి ఏ పని, ఎంత జీతం దొరికిందో ప్రతి ఏడాదీ నోటీసు బోర్డు మీద పెట్టమని ప్రిన్సిపాల్‌ను అడగాలె. హౌస్‌కీపింగ్‌లో అందరూ మనవాళ్లే, డేటా అనాలిసిస్‌లో అందరూ వాళ్లే అయితే ఆ కాగితమే సాక్ష్యం.

ఇంటర్న్‌షిప్ చోటు చూపించే బాధ్యత కాలేజీదని, బస్సు చార్జీలు, తిండి ఖర్చు ఇవ్వాలని పట్టుబట్టాలె. షెడ్యూల్డ్ కులాల ఉప ప్రణాళికకు 2013లో చట్టం ఉంది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ డబ్బుతో మన పిల్లలకు ఏ కోర్సులు నేర్పుతున్నరో అడిగే హక్కు మనకుంది.

రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ సలహాదారు కార్యాలయానికి 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలె. జిల్లాలో ఏ సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకున్నయి, సెక్షన్ 3ఎ ప్రకారం ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది అని అడగాలె. పది రూపాయల ఫీజుతో అయ్యే పని ఇది. ఒక్కో కాలేజీ నుంచి ఒక్కో విద్యార్థి సంఘం ఈ పని చేసినా మన దగ్గర జిల్లాల వారీ లెక్క తయారవుతుంది. ప్రైవేటు రిజర్వేషన్ల పోరాటానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. హౌస్‌కీపింగ్ కోర్సు వద్దని ఆమె రాసిచ్చింది. ఆమెతో పాటు ఇంకో నలుగురు రాసిచ్చారు. మా కెమిస్ట్రీ మేడమ్ మాట సాయంతో ఒక నీటి పరీక్ష లేబొరేటరీలో రెండు నెలలు పని నేర్చుకోవటానికి ఒప్పుకున్నరు. స్టైపెండ్ లేదు. రోజూ రానుపోను బస్సు ఖర్చు వాళ్లమ్మ ఊడ్చే పని జీతంలోంచే పోయింది. ఇది గెలుపు అని నేను అనను. తల్లి చీపురు మీద బిడ్డ పిపెట్ నిలబడింది, అంతే. ఆ ఖర్చు ఆ తల్లి కాకుండా ప్రభుత్వం భరించేదాకా, ఆ ల్యాబులో చోటు ఒక మేడమ్ దయవల్ల కాకుండా చట్టం వల్ల దొరికేదాకా, ‘నైపుణ్యం’ అనే మాటను మనం నమ్మి ఊరుకోవటానికి లేదు. మీ మీ కాలేజీల్లో ఎవరికి ఏ పని నేర్పుతున్నరో లెక్క తీయండి. ఆ లెక్కలతో ఈ చర్చను ముందుకు తీసుకుపోదాం.